విత్తన పొట్టేళ్లను మందలో వదిలే ముందు చూసుకోవాల్సినవి

అనంతపురం వైపు తొలకరి పడి పచ్చిక లేస్తూనే గొర్రెలు ఎదకొస్తాయి. పొట్టేలు జాగ్రత్త మాత్రం ఇప్పుడే, ఎండల్లోనే మొదలుపెట్టాలి.

• ఎండదెబ్బ తగలనివ్వొద్దు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. వీర్యకణాలు తయారవడానికి సుమారు 7 వారాలు పడుతుంది. మేలో వడగాడ్పు కొట్టిన పొట్టేలు జూన్‌లో చూడటానికి బాగానే ఉంటుంది, గొర్రెలను దాటుతుంది (వాటిపైకి ఎక్కుతుంది) కూడా, కానీ చూడి నిలవదు. మధ్యాహ్నం రేకుల షెడ్డులో కట్టేయకండి. వేపచెట్టు నీడ ఎంతో మేలు. తొట్టిలో నీళ్లు వేడెక్కితే పారబోసి మళ్లీ నింపండి.

• టీకాలు, నట్టల మందు (కడుపులో పురుగులకు) ముందుగానే వేయించండి. టీకా తర్వాత వచ్చే జ్వరం కూడా వీర్యాన్ని దెబ్బతీస్తుంది.

• కొమ్ములు, ఉన్ని పట్టి ఈడ్చొద్దు. గదవ కింద ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి వేసి మెల్లగా నడిపించండి. బెదిరిన పొట్టేలు పరీక్ష కోసం వీర్యం తీసేటప్పుడు సహకరించదు. అరుపులు, కుక్కలు దగ్గర్లో ఉండకూడదు.

• ఒంటరిగా కట్టొద్దు. తోటి జీవం కనబడకపోతే అరుస్తూ, మేత మానేస్తుంది.

• సంతలో కొన్న పొట్టేలును పాతవాటితో వెంటనే కలపొద్దు. తలలు పగిలేలా పొడుచుకుంటాయి, రోగాలూ అంటుకోవచ్చు.

• గిట్టలు చూడండి. కుంటే పొట్టేలు గొర్రెను దాటలేదు.

• ఒక్కో పొట్టేలుకు 25 నుంచి 30 గొర్రెలు చాలు.