నడుము విరిగితే నష్టం ఎంత? యాక్సిడెంట్ క్లెయిమ్ వేసేవాళ్ళకు మా ఇంటి అనుభవం

మా తమ్ముడు తాపీ మేస్త్రీ. 32 ఏళ్ళ వయసులో, చిలకలూరిపేట దగ్గర హైవే మీద, వెనక నుంచి వచ్చిన లారీ వాడి బండిని గుద్దింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఆసుపత్రి పనులూ, స్టేషనూ, కోర్టూ అన్నీ నేనే తిరిగాను. ఇప్పుడు మా చుట్టాల్లో, మా వీధిలో ఎవరికి ఇలాంటిది జరిగినా నాకు ఫోన్ చేస్తారు. అందరూ ముందు అడిగేది "ఎంత వస్తుందక్కా?" అనే. ఆ దెబ్బ వల్ల జీవితాంతం ఏమేం ఖర్చవుతుందో తెలిస్తే తప్ప ఎంత అడగాలో తెలియదు. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

చెయ్యి విరిగితే కట్టు కడతారు, కొన్నాళ్ళకు అతుక్కుంటుంది. వెన్నుపాము తెగితే అలా కాదు. స్పర్శ ఉండదు కాబట్టి ఒకే వైపు పడుకుంటే పుండ్లు పడతాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. మూత్రానికి క్యాథెటర్, అది మార్చడం, ఇన్‌ఫెక్షన్ వస్తే మళ్ళీ ఆసుపత్రి. గాలి పరుపు, వీల్‌చెయిర్, డైపర్లు, ఫిజియోథెరపీ. ఇవి ఒక నెల ఖర్చులు కావు, మనిషి ఉన్నంతకాలం ఉంటాయి. తలకు దెబ్బ తగిలినవాళ్ళ సంగతి ఇంకో రకం. నడుస్తారు, మాట్లాడతారు, చూసేవాళ్ళకు బాగానే కనిపిస్తారు. కానీ నిన్న చెప్పింది గుర్తుండదు, ఊరికే కోపం వస్తుంది, ఏ పనిలోనూ నిలవలేరు. బయటికి కనిపించని దెబ్బ కాబట్టి న్యూరాలజీ, సైకియాట్రీ డాక్టర్ల చేత పరీక్ష చేయించి రాతపూర్వకంగా తీసుకోకపోతే కోర్టులో దాన్ని చూపించడం చాలా కష్టం.

మొదటి రోజుల్లో మీ ధ్యాసంతా ప్రాణం మీదే ఉంటుంది, ఉండాలి కూడా. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలి. ఆసుపత్రిలో ఆ మాట ఎత్తి అడగండి. అలాగే ఎంఎల్‌సీ (ఇది పోలీసు కేసుకు సంబంధించిన గాయమని ఆసుపత్రి రాసే రికార్డు) రాశారా లేదా అని ఇంట్లో ఒకరు కనుక్కోవాలి. ఆ తర్వాత స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకుని, అందులో ఢీకొన్న వాహనం నంబరు సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి. ఆ నంబరును ఎం పరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. చార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల సర్టిఫికెట్), మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు అన్నీ ఒకే సంచిలో పెట్టండి. ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ఆపరేషన్ ఉచితంగా అయినా, బయట కొన్న మందుల బిల్లులు పారేయొద్దు. లారీ డ్రైవరుకు లైసెన్స్ సరిగ్గా లేదని తెలిసి చాలామంది అక్కడే నీరుగారిపోతారు. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు మీకు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్ళు చెప్పిన కేసులు ఎన్నో ఉన్నాయి.

ఒక్క సంగతి. వేరే వాహనం ఏదీ లేకుండా సొంత బండి జారి పడితే గుద్దిన వాహనం ఇన్సూరెన్స్ నుంచి పరిహారం అడిగే ఈ దారి పనికిరాదు. అప్పుడు బండి ఓనరు తనే నడుపుతూ, లైసెన్స్ ఉండి, పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కట్టి ఉంటే 15 లక్షల వరకు ఆ కవర్ కింద అడగాలి. మీ పాలసీ కాగితం ఇవాళే తీసి చూసుకోండి.

గుద్దిన వాహనం ఉంటే పిటిషన్ మోటారు వాహన ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేస్తారు. అది జిల్లా కోర్టులోనే ఉంటుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉండే చోట వేయొచ్చు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి ఇది చాలా పెద్ద సాయం. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు లోపే వేయండి. ఇప్పటికే దాటిపోయినవాళ్ళు ఆశ వదులుకోకుండా లాయరుని కలవండి. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఇక అసలు విషయం. డిసేబిలిటీ సర్టిఫికెట్‌లో ఒక శాతం రాస్తారు. మా వాడికి 80 రాశారు. ఇన్సూరెన్స్ తరఫు లాయరు "సంపాదనలో నష్టం కూడా 80 శాతమే" అన్నాడు. అది ఒప్పుకోకూడదు. శరీరానికి జరిగిన నష్టం వేరు, సంపాదించే శక్తికి జరిగిన నష్టం వేరు అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ తీర్పులో విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే శరీర వైకల్యం 60 శాతం కావచ్చు, కానీ ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరూ పోయినట్టే. అదే గవర్నమెంటు గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడొచ్చు. పరంజా ఎక్కి ఇటుక పేర్చే మేస్త్రీకి కాళ్ళు పోతే మిగిలిన 20 శాతంతో ఏం పని చేస్తాడు? ఈ మాట మన లాయరు జడ్జిగారి ముందు చెప్పాలి, దాన్ని డాక్టరు సాక్ష్యంగా వచ్చి బలపరచాలి. సర్టిఫికెట్ కోర్టులో పడేసి ఊరుకుంటే చాలదు. ఆ శాతం ఒక్క కాలికా, మొత్తం శరీరానికా అన్నది కూడా డాక్టరు చేతే చెప్పించాలి.

ఈ తేడా ఎంతో లెక్క వేసి చూపిస్తాను. నెలకు 15,000 సంపాదన అనుకుందాం. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్ళ లోపు మనిషికి మున్ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, అది 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది సంపాదనను ఎంతతో గుణించాలో చెప్పే అంకె, 16. ఇది 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక. గుణిస్తే 40,32,000. 80 శాతమే అంటే 32,25,600. ఒక్క మాట దగ్గర 8 లక్షల పైన పోతుంది.

మేస్త్రీకి జీతం స్లిప్పు ఎక్కడుంటుంది? మా వాడికి పని ఇచ్చిన కాంట్రాక్టరుని, ఇల్లు కట్టించుకున్న ఒకాయన్ని సాక్ష్యానికి తీసుకెళ్ళాం. ఫోన్‌పేలో వారం వారం పడిన కూలి, భవన నిర్మాణ కార్మికుల కార్డు కూడా పెట్టాం. ఏ ఆధారమూ చూపించకపోతే కోర్టు తనే ఒక అంచనా వేస్తుంది, అది తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ.

చూసుకునే మనిషి ఖర్చు విడిగా అడగాలి. "ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటున్నారు కదా" అని వదిలేయకండి. మా మరదలు టైలరింగ్ మానేసి వాడి దగ్గరే ఉంది, ఆ సంపాదన ఇంటికి రావడం ఆగిపోయింది. 2020లో మంచానికే పరిమితమైన ఒక పన్నెండేళ్ళ పాప కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు నెలకు 5,000 చొప్పున, మల్టిప్లయర్ 18తో, 21,60,000 ఇచ్చింది. అదే పద్ధతిలో నెలకు 8,000 ఒప్పుకున్నా మా వాడి వయసుకు 15,36,000 అవుతుంది. దీనికోసం నేను రోజూ ఒక నోటుపుస్తకం రాశాను: ఎన్నింటికి తిప్పాం, క్యాథెటర్ ఎప్పుడు మార్చాం, ఎంత ఖర్చయింది. ఇప్పుడు నన్నడిగే ప్రతి ఇంటివాళ్ళకూ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఒక పుస్తకం కొనమంటాను. ముందు ముందు అయ్యే వైద్యం, వీల్‌చెయిర్ మార్చడం, నొప్పి, బాధ ఇవన్నీ పిటిషన్‌లో వేరు వేరు పద్దులుగా ఉండాలి.

ఆసుపత్రి వరండాలోనే కొందరు వచ్చి, "ఫీజు వద్దు, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇస్తే చాలు" అంటారు. సంతకం పెట్టకండి. పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందం చెల్లదని తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ చెక్కులు అసలు ఇవ్వొద్దు. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు.

తప్పెవరిదన్న రుజువు లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే దారి కూడా చట్టంలో ఉంది. అప్పుల టెన్షన్‌లో ఉన్నప్పుడు అది పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ అది తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. పైన వేసిన లెక్క పక్కన పెట్టుకుని చూడండి. లోక్ అదాలత్‌లో రాజీ అనేది వేరే సంగతి. అక్కడ మంచి మొత్తం వస్తే త్వరగా తేలుతుంది, కానీ మీ లెక్క మీ చేతిలో ఉంటేనే వెళ్ళండి.

తీర్పు వచ్చాక పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా కలుపుతారు. మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్ళొచ్చు, అవతలివాళ్ళూ వెళ్ళొచ్చు. డబ్బులో కొంత చేతికిచ్చి మిగతాది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమంటారు. బంధువులు అప్పడిగే రోజుల్లో అది అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. నెల నెలా వచ్చే వడ్డీ దెబ్బ తగిలిన మనిషి పేరు మీద ఉన్న ఖాతాలోనే పడేలా అడగండి. మా వాడు ఆ డబ్బుతో తన మందులు తనే తెప్పించుకుంటాడు.