పన్ను తీయించుకునే ముందు డెస్మోప్రెసిన్ ఇస్తే, నీళ్ల లెక్క తప్పనివ్వకండి

వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి మొదటి రకం గానీ, తీవ్రత తక్కువగా ఉన్న హీమోఫీలియా-ఎ గానీ (రెండూ రక్తం సరిగా గడ్డకట్టని జబ్బులే) ఉన్నవారికి పన్ను తీసే ముందు తరచుగా డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు. ఇది ఈ పనికి ఉపయోగపడుతుందని 1977లో ఇటలీ వైద్యులు చూపించారు. రక్తనాళాల గోడల్లో నిల్వ ఉన్న, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాన్ని ఇది రక్తంలోకి వదిలేలా చేస్తుంది. అందరిలో ఒకేలా పనిచేయదు కనుక, ముందుగా ఒక రోజు పరీక్షా మోతాదు ఇచ్చి చూడమని అడగండి. దుష్ప్రభావాలు కూడా అప్పుడే తెలుస్తాయి.

సాధారణంగా కిలో బరువుకు 0.3 మైక్రోగ్రాముల చొప్పున సెలైన్‌లో కలిపి, సుమారు అరగంటలో ఎక్కిస్తారు. ఆ సమయంలో ముఖం ఎర్రబడి వేడిగా అనిపించవచ్చు, తలనొప్పి, గుండె దడ రావచ్చు, రక్తపోటు కొంచెం తగ్గవచ్చు. వెంటనే నర్సుకు చెబితే వేగం తగ్గిస్తారు. గుండె జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

నేను ఎక్కువగా భయపడేది నీళ్ల విషయంలో. ఈ మందు మూత్రాన్ని తగ్గించి నీటిని ఒంట్లోనే నిలుపుతుంది కనుక, మామూలుగా తాగినా రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా రావచ్చు. మన ఇళ్లలోనేమో పన్ను తీయించుకుని వచ్చినవారికి నమలడం కష్టమని గంటకోసారి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు ప్రేమగా పట్టిస్తాం. ఆ రోజు మాత్రం అది ప్రమాదం. పెద్దవారికి సాధారణంగా 24 గంటల్లో లీటరు, లీటరున్నర మించవద్దంటారు. మీ పరిమితి ఎంతో వైద్యుణ్ణి అడిగి, లీటరు సీసా ఒకటి పక్కన పెట్టుకుని, మందు ఇచ్చిన సమయాన్నీ, జావతో సహా తాగిన ప్రతి గ్లాసునూ కాగితం మీద రాయండి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ మందు సాధారణంగా ఇవ్వరు. మరుసటి రోజు మళ్లీ ఇవ్వవలసి వస్తే ముందు సోడియం పరీక్ష చేయించాలి.

నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా తోడుగా ఇచ్చే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందుతో వికారం, విరేచనాలు కలగవచ్చు. మూత్రంలో రక్తం కనిపిస్తే అది వేసుకునే ముందే వైద్యుడికి చెప్పండి.

తలనొప్పి పెరుగుతూ, వాంతులు, మగత, తికమక మాటలు మొదలైతే నీళ్లు తాగించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సెలైన్ పెట్టేలోపే, డెస్మోప్రెసిన్ ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎంత తాగారో రాసిన ఆ కాగితాన్ని అక్కడి వైద్యుడి చేతికి ఇవ్వండి.