బ్యాంకు వేలంలో ఇల్లు కొనేముందు ఇవి చూసుకోండి

బెజవాడలో, గుంటూరులో బ్యాంకు వేలానికొచ్చే ఇల్లు బయటి రేటుకన్నా తక్కువకి కనిపిస్తోంది కదా అని వెంటనే పాటలో పాల్గొనడానికి డిపాజిట్ కట్టేయకండి. ముందు నోటీసులో స్వాధీనం ఏ రకమో చూడండి. ‘సింబాలిక్’ అని ఉంటే ఇల్లు కాగితం మీద మాత్రమే బ్యాంకు చేతికొచ్చింది, లోపల మనుషులు ఉండొచ్చు. పటమటలో మేం చూడ్డానికెళ్లిన ఫ్లాట్ తలుపు పక్కన బ్యాంకు నోటీసు అంటించి ఉంది, బాల్కనీలో పిల్లల యూనిఫాంలు ఆరుతున్నాయి. వాళ్లను ఖాళీ చేయించడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఎంత టెన్షనో అనుకుని వెనక్కొచ్చేశాం. మొదటిసారి కొనేవాళ్లు తాళాలు బ్యాంకు దగ్గరున్న ఇల్లే చూసుకోండి, నా మాట వినండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, లాయరుకి చూపించండి. అప్పు తీసుకున్నవాళ్లు డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) కేసు వేశారేమో కనుక్కోండి. ఇంటిపన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బాకీలూ అడగండి, ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతారు కాబట్టి అవి చాలావరకు కొన్నవాళ్ల నెత్తినే పడతాయి.

ఇక డబ్బు. బాకీ కట్టనివాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకులు అమ్ముకునేలా చేసిన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరిగే వేలంలో పాట మీకు దక్కితే, ముందు కట్టిన డిపాజిట్‌తో కలిపి పాట ధరలో 25 శాతం అదే రోజు, లేదంటే మర్నాటి పనిదినానికల్లా కట్టాలి. మిగతా 75 శాతానికి అమ్మకం ఖరారయ్యాక 15 రోజులే గడువు, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా. అందుకే లోన్ సంగతి పాటకి ముందే తేల్చుకోండి, గడువు దాటితే కట్టిన ఆ 25 శాతం తిరిగి రాదు.