ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్లేవారు బీమా పాలసీలో చూడవలసిన అంకె

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు బయలుదేరే మనవాళ్లు బూట్ల కోసం, జాకెట్ల కోసం వారాల తరబడి దుకాణాలు తిరుగుతారు గానీ, ప్రయాణ బీమా దగ్గరికి వచ్చేసరికి విమానం టికెట్ కొనేటప్పుడు తెర మీద కనిపించే గడిలో టిక్కు పెట్టి ఊరుకుంటారు. అలా వచ్చే పాలసీ చాలావరకు పోయిన సామానుకు, ఆలస్యమైన విమానానికి, ఊళ్లో తగిలిన జ్వరానికి పనికొస్తుందే తప్ప కొండ మీద కాదు. నేపాల్‌కు మనకు వీసా అక్కర లేకపోయినా బీమా లెక్కలో అది విదేశమే కాబట్టి, తీసుకోవలసింది విదేశీ ప్రయాణ పాలసీ.

కొనేముందు పాలసీ పూర్తి పత్రం తెప్పించుకుని 'మినహాయింపులు' అన్న భాగం చదవండి. అక్కడ వెతకవలసింది ఎత్తు పరిమితి, అంటే ఎన్ని మీటర్ల ఎత్తు వరకు పాలసీ వర్తిస్తుందన్న అంకె. దారిలోని మజిలీల్లో లుక్లా 2,860 మీటర్ల ఎత్తున, నామ్చే బజార్ 3,440 దగ్గర, డింగ్‌బోచే సుమారు 4,400 దగ్గర ఉన్నాయి. బేస్ క్యాంప్ 5,364. పరిమితి 4,500 మీటర్లయితే డింగ్‌బోచే దాటి లోబుచే చేరిన రాత్రి నుంచి మీకు బీమా లేనట్టే, ఎత్తు వల్ల వచ్చే జబ్బు ముప్పు మరింత పెరిగేదీ అక్కడే. ఇంకొక మెలిక ఏమిటంటే, ఈ యాత్రలో చాలామంది ఎక్కే అత్యంత ఎత్తైన చోటు బేస్ క్యాంప్ కాదు, సూర్యోదయం కోసం వెళ్లే కాలాపత్థర్. అది 5,500 దాటుతుంది. కాబట్టి 6,000 మీటర్ల వరకు వర్తించే పాలసీ తీసుకోవడం మేలు. తాళ్లు, మంచు గొడ్డలి వాడే పర్వతారోహణను చాలా పాలసీలు ట్రెక్కింగ్‌తో కలపవు. పక్కనున్న ఐలాండ్ పీక్ శిఖరం కూడా ఎక్కాలనుకుంటే ఆ మాట విడిగా అడగాలి.

తరువాత, జబ్బుపడినవారిని కొండ మీద నుంచి కిందికి తెచ్చే హెలికాప్టర్. దాని ఖర్చు పాలసీలో స్పష్టంగా రాసి ఉండాలి. అవసరంలేని హెలికాప్టర్ రక్షణలతో బీమా డబ్బు కాజేసే దందా 2018లో నేపాల్‌లో బయటపడినప్పటి నుంచి కంపెనీలు ఈ క్లెయిములను గట్టిగా తరచి చూస్తున్నాయి. అందుకే పాలసీ సంఖ్యనూ, 24 గంటల సహాయ నంబరునూ ఒక చీటీ మీద రాసి, గైడ్ జేబులో ఒకటి, మీ జేబులో ఒకటి ఉంచండి. తలనొప్పితో కళ్లు తిరుగుతున్న మనిషి ఫోనులో పీడీఎఫ్ వెతకలేడు. ప్రాణాపాయం లేనంతవరకు ముందు ఆ నంబరుకు చెప్పి, అనుమతి వచ్చాకే హెలికాప్టర్‌ను పిలిపించాలి. వైద్యుడి చీటీ, అసలు బిల్లులు జాగ్రత్త.

బీపీ, షుగర్ వంటివి దరఖాస్తులో దాచవద్దు. మద్యం తాగి ఉన్నప్పుడు జరిగిన ప్రమాదానికి సాధారణంగా పరిహారం రాదు.

క్లెయిమును అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వాళ్లు కాదన్నా, నెల రోజుల్లో బదులివ్వకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా ఫిర్యాదులను విచారించే అధికారిని, ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోనూ ఆ కార్యాలయం ఉంది; ఫిర్యాదుకు రుసుమేమీ ఉండదు.