వానలు ముదరకముందే: మిజోరం సరిహద్దులో శరణార్థులకు సాయం వెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి చిన్ రాష్ట్రం జనం తియావ్ నది దాటి మిజోరంకు వస్తూనే ఉన్నారు. 2023 నాటికి వాళ్ల సంఖ్య 30 వేలు దాటింది. కాల్పులు వానాకాలమని ఆగవు. 2025 జూలై మొదట్లో నదికి అవతల రెండు చిన్ సాయుధ వర్గాలు తలపడితే కొద్ది రోజుల్లోనే మూడు వేలమందికి పైగా జోఖాథర్ అనే చిన్న ఊళ్లోకి వచ్చిపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు.

మన ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లి ఏదైనా చేయాలనుకునే డాక్టర్లు, చర్చి బృందాలు, కాలేజీ యువకులు ముందు ఒక సంగతి గట్టిగా మనసులో పెట్టుకోవాలి. సరుకు మే నెల లోపు చేరాలి. జోరు వానల్లో చేరే మనిషి సాయం చేయడం అటుంచి, తనే ఇంకొకరికి బరువవుతాడు. అప్పటికే జనంతో కిక్కిరిసిన ఊళ్లో మీకూ పడక, తిండి వాళ్లే చూడాలి. జూన్ తర్వాతే వీలవుతుందంటే డబ్బు పంపండి, మీరు ఆగండి.

దారి గురించి. ఐజ్వాల్ నుంచి చంఫాయి సుమారు 190 కిలోమీటర్లు, అక్కడి నుంచి జోఖాథర్ మరో 28. అంకెలు చూసి పూటలో వెళ్లిపోవచ్చనుకోకండి. శ్రీశైలం ఘాట్‌లో బండి నడిపిన అనుభవంతో ఈ దారిని అంచనా వేయకండి, ఇక్కడ దాదాపు దారంతా ఘాటే. అద్దెకారు తీసుకుని మనమే నడుపుదామనే ఆలోచన మానేసి, ఆ దారిలో రోజూ తిరిగే సుమో డ్రైవర్‌ని పెట్టుకోండి. అతను ‘ఇవాళ వద్దు’ అంటే ఆ రోజు ప్రయాణం లేనట్టే. బతిమాలొద్దు, డబ్బు ఎక్కువ ఇస్తాననొద్దు. జూన్‌లో అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వస్తుంది, సాయంత్రం ఆరు దాటితే చీకటి. అందుకని తెల్లారగానే బయల్దేరి, మధ్యాహ్నానికే బండి ఆపేలా చూసుకోవాలి. రోడ్డు మీద కొత్తగా రాళ్లు, బురద కనబడితే దిగి ఫొటోలు తీస్తూ నిలబడకండి. కొండచరియ ఒకటి పడిన చోటే రెండోది కూడా పడొచ్చు. 2024 మే 28న రెమాల్ తుపాను వానలకు ఐజ్వాల్ శివార్లలోని మెల్తుమ్ దగ్గర రాతి క్వారీ కూలి, ఆ ఒక్క చోటే పదిమందికి పైగా చనిపోయారు. అది మే నెల. అసలు వానాకాలం ఇంకా మొదలవనే లేదు.

అస్సాం నుంచి వచ్చే 306వ జాతీయ రహదారి తెగిందంటే రాష్ట్రమంతా పెట్రోలుకు, గ్యాసుకు కటకట. ఐజ్వాల్‌లోనే ట్యాంకు నింపించండి. ఆదివారం మిజోరంలో దుకాణాలు తెరవరు, బళ్లు కూడా పెద్దగా కదలవు. శనివారం రాత్రికి ఎక్కడుంటారో, ఏం తింటారో ముందే చూసుకోవాలి.

కాగితాల విషయంలో అలసత్వం వద్దు. భారతీయులమైనా ఇన్నర్ లైన్ పర్మిట్ లేకుండా మిజోరంలోకి వెళ్లలేం. అమెరికా పాస్‌పోర్టున్న మన బంధువులకైతే ఓసీఐ కార్డున్నా సరిపోదు, విడిగా అనుమతి తెచ్చుకోవాలి. 2024 డిసెంబరులో ఆ నిబంధన మళ్లీ వచ్చింది. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు చందా పంపాలన్నా, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదున్న సంస్థకే పంపాలి. ‘నా ఖాతాలో వేయండి, నేను అందిస్తా’ అనే దారి ఎంత మంచి మనసుతో పట్టినా, ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ చిక్కే.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది మనుషుల్ని బండెక్కించుకునే విషయంలో. భారత్ 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. వచ్చినవాళ్లను ఆపమని 2021 మార్చిలో కేంద్రం లేఖ రాస్తే, అప్పటి ముఖ్యమంత్రి జోరంథాంగా వీళ్లు మా రక్తసంబంధీకులని ప్రధానికి తిరిగి రాశారు. మిజో సమాజం అండతో వాళ్లు అక్కడ ఉండగలుగుతున్నారు గానీ, చాలామంది చేతిలో వీసా లాంటిదేమీ లేదు. మీరు జాలిపడి ఒక కుటుంబాన్ని ఐజ్వాల్‌కో గువాహటికో తీసుకెళ్తే, దారిలో తనిఖీలో దొరికి జైలుపాలయ్యేది మీరే కాదు, వాళ్లు కూడా. నొప్పులు పడుతున్న ఆమెనో, జ్వరంతో వణుకుతున్న బిడ్డనో చంఫాయి ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కూడా స్థానిక కమిటీ మనిషి ఒకరు బండిలో ఉండాలి, పోలీసులకు ముందే మాట చెప్పాలి. తోడు లేని పిల్లల్ని మాత్రం ఏ కారణంతోనూ మీ వెంట తీసుకెళ్లొద్దు. నది మీది వంతెన దాటి అవతలి రిహ్ సరస్సు చూసొద్దామని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి.

ఆ కమిటీ అంటే చాలా ఊళ్లలో యంగ్ మిజో అసోసియేషన్ శాఖ, ఊరి కౌన్సిల్, చర్చి పెద్దలు, శిబిరంలోని చిన్ పెద్దలు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి నిన్న బియ్యం అందాయో వాళ్లకు తెలుసు. మీరు నేరుగా పంచితే బలంగా ఉన్నవాళ్లు ముందుకొస్తారు, ఒంటరి ముసలమ్మ వెనకబడిపోతుంది.

ఏం పట్టుకెళ్లాలి? పాత బట్టలు వద్దు. బియ్యం, పప్పు హైదరాబాదు నుంచి మోయడం దండగ. చంఫాయిలోనే కొంటే లారీ కిరాయి మిగులుతుంది, అక్కడి వ్యాపారికీ ఆసరా. దోమతెరలు, గొడుగులు, పిల్లల సైజు రబ్బరు బూట్లు, శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు, సోలార్ దీపాలు: వీటికి ఎప్పుడూ కొరతే. కొవ్వొత్తులు మాత్రం ఇవ్వకండి. వెదురు, ప్లాస్టిక్ గుడిసెలో ఒక్క కొవ్వొత్తి చాలు.

గుడిసెల సంగతి వానకు ముందే తేలాలి. చాలావరకు వెదురు చట్రం మీద టార్పాలిన్ కట్టినవే. టార్పాలిన్ బల్లపరుపుగా కడితే మధ్యలో నీళ్లు నిలిచి ఒక రాత్రిలో చట్రం కూలుతుంది. రెండువైపులా బాగా వాలు ఉండాలి. గుడిసె ఎగువన మూరెడు లోతు కాలువ తవ్వి, నీళ్లు పక్కకు పోయేలా చేయాలి. వాగు దారిలో గానీ, కొత్తగా చెక్కిన కొండ అంచు కింద గానీ గుడిసె వేయనివ్వకండి. నేల మీద కొత్త బీటలు, ఒరిగిన వెదురు పొదలు, ఉన్నట్టుండి బురదగా మారిన ఊట నీరు కనబడితే ఆ రాత్రికే చర్చి హాలుకో బడికో తరలించాలి. తెల్లారాక చూద్దామనుకోకూడదు.

మిజోరంలో ఎండాకాలం తాగునీటికి కటకట, అందుకే రేకుల చూరు నుంచి వాననీరు పట్టుకుంటారు. శిబిరానికి ఒక ట్యాంకు, చూరు గొట్టాలు కొనిస్తే బట్టల మూటలకన్నా ఎక్కువ మేలు. మొదటి వాన నీటిని వదిలేయాలి, తర్వాతివైనా కాచి తాగాలి. విరేచనాలకు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎక్కువగా ఉంచండి. అయిపోతే లీటరు కాచిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి. అక్కడ మలేరియా ఎక్కువ, చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఉంది. జ్వరం వస్తే మన ఊరి మాత్రలు మింగించకుండా పరీక్ష చేయించండి. ఒంటిమీద ఎక్కడైనా నల్లటి పొక్కు ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈ జాగ్రత్త మీకూ వర్తిస్తుంది.

ఫొటోల దగ్గర చాలామంది ఆలోచించరు. శిబిరంలో ఉన్న కుర్రాడి తల్లిదండ్రులు ఇంకా సైన్యం చేతిలోని పట్టణంలోనే ఉండొచ్చు. ముఖాలు, పేర్లు, ఊళ్ల పేర్లు, గుడిసెల వరుస గుర్తుపట్టేలా ఉన్న దృశ్యాలు ఏవీ ఫేస్‌బుక్‌లోకి ఎక్కకూడదు. దాతలకు లెక్క చూపాలంటే బిల్లులు చాలు, సరుకు ఫొటో చాలు.

తిరిగొచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. ఎండకు, గాలికి టార్పాలిన్ ఎక్కువకాలం నిలవదు, వచ్చే ఏడాదికి మళ్లీ కావాలి. ఎన్ని చిరిగాయో దసరా తర్వాత కమిటీని ఫోన్‌లో అడిగి తెలుసుకుని, ఫిబ్రవరిలో ఆర్డరు పెడితే రోడ్లు పొడిగా ఉండగానే చేరతాయి.