ఐడిల్‌లో లీన్ చూపిస్తుంటే ముందు ఎగ్జాస్ట్ చూడండి
హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపుల సెట్), పొగ సులువుగా పోయే ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేయించిన పెట్రోల్ కార్లో, పొగలో ఆక్సిజన్‌ని బట్టి గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ మీటర్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు) 16, 17 అని, అంటే ఒక పాలు పెట్రోల్‌కి అన్ని పాళ్ల గాలి అని, లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) చూపిస్తూ, యాక్సిలరేటర్ తొక్కగానే మామూలుగా అయిపోతుంటే వెంటనే ట్యూన్ జోలికి పోకండి, కొత్త సెన్సార్ కూడా కొనేయకండి. సెన్సార్‌కి ముందు ఎక్కడో సన్నటి లీక్ ఉండొచ్చు, ఐడిల్‌లో అది బయటి గాలిని లోపలికి పీల్చేస్తుంది, దాంతో పెట్రోల్ సరిపడా వెళ్తున్నా సెన్సార్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనబడుతుంది. మన వైజాగ్ ఉప్పు గాలికి, ముఖ్యంగా బీచ్ రోడ్ వైపు పెట్టే బండ్లకి, ఎగ్జాస్ట్ పైపు జాయింట్లని బిగించే ఫ్లాంజ్ బోల్టులు తొందరగా తుప్పు పట్టేస్తాయండి. నా కారుకీ అదే అయింది, జాయింట్ మధ్య ఉండే గాస్కెట్ అంచున గోరంత నల్లటి మసి గీత, అంతే!

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర ఎవరినైనా మందపాటి తడిగుడ్డ కొంచెంసేపు అడ్డుపెట్టమని, మీరు జాయింట్ల మీద సబ్బునీళ్లు కొట్టండి, బుడగలు లేచిన చోటే లీక్. అక్కడేం లేకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడండి, మిస్‌ఫైర్ అయినా (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోయినా) మండని ఆక్సిజన్ వల్ల లీన్‌గానే చూపిస్తుంది.