విరేచనం మాత్ర వేసుకునే పద్ధతి

కడపలో మా మందుల షాపుకు ఎండాకాలమంతా మలబద్ధకమని వస్తూనే ఉంటారు. బిసాకోడిల్ అనే విరేచనం మాత్ర ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఆపి చెబుతాను: పెద్దవాళ్లకు రాత్రి పడుకునే ముందు 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నీళ్లతోనే. పని చేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది, తొందరపడి ఇంకోటి వేసుకోవద్దు.

మాత్ర మీద నున్నటి పూత ఉంటుంది చూడండి, అది పేగుల్లోకి పోయాకే కరగాలి. నమిలినా, పాలతో మింగినా, గ్యాస్ మందుతో కలిపినా ముందే కరిగి కడుపు మెలిపెడుతుంది. వాటికీ దీనికీ గంటైనా ఎడం ఉంచండి.

సునాముఖి పొడి కూడా ఈ జాతిదే. ఆకే కదా అని రెండూ కలపకండి. తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు ఉంటే ఏదీ ముట్టవద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. పిల్లలకూ, గర్భిణులకూ ఆయన్ని అడిగాకే. వారం దాటినా మాత్ర లేనిదే విరేచనం కాకపోతే, నన్ను ఇంకో షీటు అడగకండి, పరీక్ష చేయించుకోండి.